చలికాలానికి ముందే మందుల చీటీ

కార్తీకం వచ్చి పొద్దున్నే మంచు కమ్మడం మొదలైతే చాలు, కీళ్ళవాతం, లూపస్, సోరియాసిస్ వంటి జబ్బులకు మందులు వాడేవాళ్ళ నోట ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "మాకు ఇమ్యూనిటీ తక్కువ కదా, పెరగాలంటే ఏం తినాలి?" ఈ ప్రశ్నే మనల్ని పక్కదారి పట్టిస్తోంది. ఆటోఇమ్యూన్ జబ్బులో రోగనిరోధక శక్తి తక్కువై కాదు, గురి తప్పి ఇబ్బంది పెడుతుంది. బయటి క్రిముల మీదికి పోవాల్సిన దాడి సొంత కీళ్ళ మీదికి, చర్మం మీదికి, మూత్రపిండాల మీదికి మళ్ళుతుంది. ఆ దాడిని అణచడానికి మందులిస్తారు. అణచేటప్పుడు మనకు అక్కరకొచ్చే రక్షణ కూడా కొంత తగ్గుతుంది. కాబట్టి అడగాల్సింది మరొకటి: నేను వాడే మందు నా రక్షణలో ఏ భాగాన్ని, ఎంత తగ్గిస్తోంది? దానికి సరిపడా ఏర్పాటు చలి ముదరకముందే చేసుకున్నానా? గత పాతికేళ్ళలో వచ్చిన అధ్యయనాలను ఈ రెండు ప్రశ్నలతో చదివితే, వంటింటి చిట్కాలకంటే చాలా గట్టి సమాధానాలు దొరుకుతాయి.

ముందు ఒక భయం తీర్చాలి. ఆటోఇమ్యూన్ అన్న పేరు వినగానే అందరూ ఒకే ప్రమాదంలో ఉన్నట్టు కాదు. హషిమోటో థైరాయిడ్ జబ్బుకు రోజూ పొద్దున్నే థైరాక్సిన్ మాత్ర వేసుకునే ఆవిడకు ఆ మందువల్ల రక్షణేమీ తగ్గదు. అది ఒంట్లో తగ్గిన హార్మోనును భర్తీ చేస్తుందంతే. బొల్లికి పైపూత మందు రాసుకునేవారి సంగతీ దాదాపు అంతే. టైప్ 1 మధుమేహంలో ప్రమాదం చాలావరకు చక్కెర అదుపును బట్టి ఉంటుంది. మరోవైపు, కీళ్ళవాతం మందులతో పనిలేకుండానే కొంత ముప్పు తెస్తుంది. అమెరికాలోని రాచెస్టర్‌లో మేయో క్లినిక్ పరిశోధకులు కొత్త తరం ఇంజెక్షన్లు రాకముందు కాలపు రోగులను, అదే ఊళ్ళో జబ్బు లేనివారితో పోల్చి 2002లో ప్రచురించారు. పరీక్షల్లో నిర్ధారణ అయిన ఇన్ఫెక్షన్లు కీళ్ళవాతం ఉన్నవారిలో 1.7 రెట్లు ఎక్కువగా కనిపించాయి. జబ్బును అదుపులో పెట్టడం కూడా ఇన్ఫెక్షన్‌ను అడ్డుకోవడంలో భాగమేనని దీన్నిబట్టి నాకు అర్థమవుతోంది. జలుబు భయంతో మందు మానేసేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

మందుల్లోనూ తేడాలున్నాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ మాత్రలతో ఇన్ఫెక్షన్ ముప్పు పెద్దగా పెరగదు. లూపస్ ఉన్నవారిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్ళకు ఇన్ఫెక్షన్లు తక్కువగా వస్తున్నట్టు కూడా గమనించారు. వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ వల్ల ముప్పు కొద్దిగానే ఉంటుంది. అయితే దాన్ని పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికే వస్తుంది. మైకోఫెనోలేట్, సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్ వంటివి ఇంకో మెట్టు పైన ఉంటాయి. వాపును రేపే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లతో మన దేశంలో క్షయ భయం ప్రత్యేకంగా ఉంది. ఆ మందుల్లో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో 70 మందికి క్షయ తలెత్తిన సంగతి 2001లోనే వైద్య పత్రికలకెక్కింది. ప్రపంచపు క్షయ కేసుల్లో నాలుగో వంతు మన దేశానివే. అందుకే ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద గానీ రక్తంలో గానీ క్షయ పరీక్ష చేయిస్తారు. ఈ మందు వాడేవారికి చలికాలంలో రెండు వారాలు దాటి దగ్గు ఉంటే అది మంచు వల్ల అనుకుని ఊరుకోకూడదు, తెమడ పరీక్షకు వెళ్ళాలి.

ఇంత జాబితాలో నాకు అన్నిటికన్నా ఎక్కువ కలవరం కలిగించేది మాత్రం ఖరీదైన ఇంజెక్షన్లు కావు, స్టెరాయిడ్ మాత్ర. కారుచౌకగా దొరుకుతుంది, వేసుకున్న మర్నాటికే నొప్పి తగ్గుతుంది. రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అంటే లెక్కలోకి రాదని చాలామంది అనుకుంటారు. కీళ్ళవాతం ఉన్న అమెరికా వృద్ధుల బీమా రికార్డులను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. ఏడాదిలో ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో చేరే అవకాశం స్టెరాయిడ్ వాడనివారిలో 8.6 శాతం, రోజుకు 5 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా తక్కువ గానీ వాడేవారిలో 11 శాతం, 5 నుంచి 10 వాడేవారిలో 14.4 శాతం, 10 దాటినవారిలో 17.7 శాతం అని తేలింది. చిన్న మోతాదుకే పెరుగుదల ఉంది, మోతాదుతో పాటే పెరుగుతూ పోయింది.

మన ఊళ్ళలో దీనికి మరో ముఖం ఉంది. చలికి కీళ్ళు పట్టేసినప్పుడు ఆర్ఎంపీ దగ్గర వేయించుకునే సూదిలో, ఊరూరా తిరిగి అమ్మే కీళ్ళనొప్పుల పొడిలో స్టెరాయిడ్ ఉందో లేదో రోగికి తెలియదు. నొప్పి మాయమై ముఖం గుండ్రంగా ఉబ్బుతుంటే ఒళ్ళు చేసిందని సంతోషిస్తారు. అలా తెలియకుండా ఒంట్లో చేరిన స్టెరాయిడ్, చీటీ మీద ఉన్నదానికంటే ప్రమాదకరం. దాన్ని ఎవరూ లెక్కపెట్టరు, ఎవరూ తగ్గించరు. అలాగని ఇది చదివి రేపటినుంచే మాత్ర మానేయకూడదు. నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవారి ఒళ్ళు తన సొంత కార్టిజోల్ తయారీని తగ్గించేసుకుంటుంది. హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. చేయాల్సిన పని ఒకటే: వానలు మొదలయ్యే రోజుల్లోనే డాక్టరు దగ్గర కూర్చుని "ఈ చలికాలం నాటికి నా స్టెరాయిడ్ ఎంత తగ్గించగలం?" అని అడగడం.

చలికాలం నాటికి అంటున్నాను గానీ, మన దగ్గర ఫ్లూకు చలికాలమే కాలమా? ఈ విషయంలో అమెరికా, యూరప్‌ల నుంచి వచ్చిన సలహాలను మనం యథాతథంగా తీసుకున్నాం. చలిదేశాల్లో ఫ్లూ చలికాలపు జబ్బే. అందుకు కారణం కూడా కొంత తెలిసింది. 2007లో న్యూయార్క్ పరిశోధకులు గినీ పందులతో ప్రయోగం చేసి, 5 డిగ్రీల చలిలో, పొడి గాలిలో ఫ్లూ వైరస్ ఒకదాని నుంచి మరొకదానికి తేలికగా పాకుతుందని చూపించారు. పొడిగాలికి ముక్కులోని జిగురు పొర ఎండి క్రిములను బయటికి నెట్టే శక్తి కూడా తగ్గుతుంది. మన దేశంలోని పది నగరాల ప్రయోగశాలల లెక్కలతో 2015లో వెలువడిన అధ్యయనం వేరే బొమ్మ చూపించింది. శ్రీనగర్‌లో ఫ్లూ చలికాలంలోనే ముదురుతుంది. ఢిల్లీ, పుణె, నాగపూర్, కోల్‌కతాల్లో వానాకాలంలో, చెన్నై, వేలూరుల్లో ఈశాన్య రుతుపవనాల కాలంలో. ఈ లెక్కన ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాకా నాగపూర్ తీరుకు, నెల్లూరు, తిరుపతి ప్రాంతాలు చెన్నై తీరుకు దగ్గరగా ఉంటాయని అనుకోవడం సహేతుకం. దాంతోపాటు జనవరి నుంచి మార్చి దాకా మరో అల ఉంటుందని కేంద్ర ఆరోగ్య శాఖ ఏటా హెచ్చరిస్తూనే ఉంది. 2015 జనవరిలో స్వైన్ ఫ్లూ తెలంగాణను ఎలా వణికించిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అంటే మనకు రెండు వరుసల ప్రమాదం. ఒకటి వానలతో వస్తుంది, రెండోది సంక్రాంతి రోజుల్లో. ఫ్లూ టీకా ఇచ్చే రక్షణ ఆరు నెలలు దాటితే బాగా పలచబడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఉండి రక్షణ తగ్గించే మందులు వాడేవారు అక్టోబరు వరకు ఆగకుండా, ఆ ఏడాది కొత్త టీకా దుకాణంలోకి రాగానే వానల ముందే వేయించుకోవడం మేలని నా అభిప్రాయం. అది తప్పిపోతే దసరా నాటికైనా. రెండూ తప్పాయని ఆ ఏటికి వదిలేయడం మాత్రం తగదు.

టీకా గురించి రోగుల్లో ఉన్న పెద్ద అనుమానం, అది జబ్బును రెచ్చగొడుతుందేమోనని. దీనికి మూలం లేకపోలేదు. 1976లో అమెరికాలో వేసిన స్వైన్ ఫ్లూ టీకా వల్ల నరాలను దెబ్బతీసే గిలియన్ బారే జబ్బు సుమారు లక్షమందికి ఒకరి చొప్పున అదనంగా వచ్చింది. ఇప్పటి టీకాలతో ఆ ముప్పు, ఉన్నా, పది లక్షల మందిలో ఒకరిద్దరికి మించదు. ఫ్లూ జ్వరం వల్లే ఆ జబ్బు వచ్చే అవకాశం అంతకన్నా ఎక్కువ. కీళ్ళవాతం, లూపస్ ఉన్నవారిలో నిర్జీవ టీకాల వల్ల జబ్బు తిరగబెడుతుందని చెప్పే గట్టి ఆధారం ఇంతవరకు లేదు. యూరప్, అమెరికా కీళ్ళవ్యాధుల నిపుణుల సంఘాలు రెండూ వీరికి ఫ్లూ టీకాను సిఫారసు చేస్తున్నాయి. వద్దనేది సజీవ టీకాలను: ముక్కులో కొట్టే ఫ్లూ టీకా, ఆటలమ్మ టీకా వంటివి. టీకా వేసే నర్సుకు మీ మందుల చీటీ చూపించడం అందుకే అవసరం.

టీకా వేయించుకోవడం ఒక ఎత్తు, అది ఒంట్లో పట్టడం మరో ఎత్తు. మెథోట్రెక్సేట్ వాడేవారిలో టీకాకు స్పందన తగ్గుతుంది. దక్షిణ కొరియాలో 316 మంది కీళ్ళవాతం రోగులతో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో, ఫ్లూ టీకా తర్వాత రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపినవారిలో 75.5 శాతం మందికి తగిన రక్షణ వచ్చింది. ఆపకుండా కొనసాగించినవారిలో 54.5 శాతం మందికే వచ్చింది. రెండు వారాలంటే రెండే మోతాదులు. ఇంత తేలికైన, పైసా ఖర్చు లేని పని ఇంత తేడా తేవడం వైద్యంలో అరుదు. అమెరికా సంఘం 2022 మార్గదర్శకాల్లో దీన్ని చేర్చింది, జబ్బు అదుపులో ఉంటేనే అన్న షరతుతో. కీళ్ళు అప్పటికే వాచి ఉన్నవారికి ఇది పనికిరాదు. రిటుక్సిమాబ్ తీసుకునేవారి పరిస్థితి ఇంకా కష్టం. యాంటీబాడీలు తయారుచేసే కణాల మూలాన్నే అది నెలల తరబడి తుడిచేస్తుంది. వారికి ఫ్లూ టీకా మాత్రం కాలం దాటకుండా వేసేయాలి. మిగతా నిర్జీవ టీకాలను తర్వాతి మోతాదు దగ్గరపడినప్పుడు వేసి, ఆ మోతాదును కనీసం రెండు వారాలు వెనక్కి జరపమన్నారు.

ఊపిరితిత్తులకు నెమ్ము చేయకుండా కాపాడే న్యుమోకోకల్ టీకా గురించి ఏటా ఆలోచించాల్సిన పనిలేదు. ఏ రకం, ఎన్ని మోతాదులన్నది డాక్టరుతో ఒకసారి తేల్చుకుంటే చాలు. అక్కి సంగతి వేరు. దానికి చలికాలంతో ముడి లేదు గానీ, కీళ్ళవాతానికి ఇచ్చే టోఫాసిటినిబ్ వంటి మాత్రలు వాడేవారిలో అది బాగా పెరుగుతుంది. పల్లెల్లో ఈనాటికీ కుమ్మరి చేత జాజుతో అక్కి రాయించుకుంటారు. ఊరట కోసం రాయించుకున్నా తప్పులేదు. కానీ పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు వైరస్‌ను అణచే మాత్రలు మొదలుపెట్టాలి, నెలల తరబడి మిగిలే మంటను ఏ పూతా ఆపలేదు. అక్కికి సజీవం కాని టీకా 2023లో మన దేశానికి వచ్చింది.

ఇక రోజువారీ జాగ్రత్తలు. చేతులు సబ్బుతో కడుక్కోవడం శ్వాసకోశ ఇన్ఫెక్షన్లను సుమారు 14 శాతం తగ్గిస్తుందని వైద్య పరీక్షల ఫలితాలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్ష లెక్కగట్టింది. మాస్కుల విషయంలో అదే సమీక్షను పట్టుకుని అవి దండగని చాలామంది ప్రచారం చేశారు. ఆ పరీక్షల ఫలితాలు ఎటూ తేల్చలేదు గానీ మాస్కు పనిచేయదని తేల్చలేదని కాక్రేన్ సంస్థే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. జనాభా మొత్తానికి మాస్కులు పంచితే ఏమవుతుందన్నది ఆ పరీక్షల ప్రశ్న. రిటుక్సిమాబ్ తీసుకున్న ఒక మనిషి, కిటికీలు మూసిన ఏసీ బస్సులో సంక్రాంతికి ఊరెళ్తూ ముఖానికి బిగువుగా ఎన్95 మాస్కు కట్టుకోవాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. కట్టుకోవాలనే నేనంటాను. కార్తీక దీపాల వేళ గుడిలో తోపులాట, ఏసీ కల్యాణ మండపాలు, ఆస్పత్రి వరండాలు కూడా ఆ కోవలోవే. ఆరుబయట, నలుగురు ఎడంగా ఉన్నచోట అంత అవసరం లేదు.

ఇంట్లో వాళ్ళ పాత్ర గురించి తక్కువ మాట్లాడతాం. బడికెళ్ళే పిల్లలు ఉన్న ఇంట్లో జలుబు ముందు వాళ్ళతోనే వస్తుంది. రోగికి టీకా సరిగా పట్టనప్పుడు, చుట్టూ ఉన్నవాళ్ళు వేయించుకున్న టీకా కూడా ఆ రోగికి రక్షణే. మనవడికి రొంప పట్టినప్పుడు ఓ నాలుగు రోజులు అమ్మమ్మ పక్కలో పడుకోబెట్టకపోవడం ప్రేమ తక్కువై కాదు. భోగి మంటల పొగ ముచ్చటా చెప్పాలి. పాత టైర్లు, ప్లాస్టిక్ వేసి కాల్చే మంట దగ్గర, అందులోనూ ఊపిరితిత్తులు ఇప్పటికే దెబ్బతిన్న స్క్లెరోడెర్మా, కీళ్ళవాతం రోగులు నిలబడకూడదు. చలికి వేళ్ళు తెల్లబడి నీలంగా మారే రేనాడ్స్ ఉన్నవారు తెల్లవారుజామున చన్నీటి స్నానాలకు దూరంగా ఉండాలి. పగిలిన వేలి కొనల్లోంచి క్రిములు లోపలికి పోతాయి. కొబ్బరినూనో వాజలీనో రాసి చర్మం పగలకుండా చూసుకోవడం సైతం ఇన్ఫెక్షన్‌ను అడ్డుకోవడమే.

తిండి విషయానికి వస్తే ఆధారాలు అంత బలంగా లేవు. విటమిన్ డి మాత్రలు శ్వాస ఇన్ఫెక్షన్లను కొంత తగ్గిస్తాయని 2017లో 25 పరీక్షల ఫలితాలను కలిపి చెప్పారు. మరిన్ని పరీక్షలు చేరేకొద్దీ ఆ లాభం చిన్నదవుతూ వచ్చింది. ఎముకల కోసం, ముఖ్యంగా స్టెరాయిడ్ వాడేవారికి, విటమిన్ డి కావాలి. జలుబును ఆపడానికని కాదు. విటమిన్ సి రోజూ వేసుకున్నా మామూలు మనుషులకు జలుబు రావడం తగ్గలేదు, వచ్చిన జలుబు ఉండే కాలం పెద్దల్లో 8 శాతం తగ్గింది. మిరియాల పాలు, శొంఠి కషాయం గొంతుకు హాయినిస్తాయి, తాగండి.

తిప్పతీగ దగ్గర మాత్రం ఆగాలి. కరోనా కాలంలో ఇంటింటా దాన్ని కాచి తాగారు. 2021లో ముంబై వైద్యులు, అది తాగాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. 2022లో దేశంలోని పలు కేంద్రాల వైద్యులు కలిసి 43 మంది వివరాలను వెలువరించారు. కాలేయ ముక్క పరీక్షల్లో ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లక్షణాలు కనిపించాయి. వేరే జాతి తీగతో పొరబడి ఉంటారని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ వాదన ఎటు తేలినా, రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పుతుందని చెప్పి అమ్మే దేన్నైనా, ఆ వ్యవస్థే తన మీద తిరగబడిన మనిషి ఎందుకు తాగాలి? మెథోట్రెక్సేట్ వాడేవారి కాలేయం మీద ఇప్పటికే ఒక బరువు ఉంది. రెండోది పెట్టకూడదు.

ఇన్ని చేసినా జ్వరం రావచ్చు. వచ్చిన మొదటి రెండు రోజులే కీలకం. స్టెరాయిడ్ వాడేవారిలో జ్వరం పైకి కనిపించకపోవచ్చు. టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకునేవారిలో రక్తపరీక్షలో వాపును సూచించే సీఆర్‌పీ కూడా పెరగకపోవచ్చు. రిపోర్టు మామూలుగా ఉందన్న ధైర్యం వారి విషయంలో పనికిరాదు. ఆయాసం, ఛాతీలో పోటు, మగత, ఆక్సిజన్ 94 కన్నా తగ్గడం కనిపిస్తే రాత్రయినా ఆస్పత్రికే. 100.4 డిగ్రీల జ్వరం కనిపించిన రోజే మీ డాక్టరుకు ఫోను చేయాలి. ఫ్లూ అయితే ఒసెల్టమివిర్ 48 గంటల్లోపు మొదలుపెట్టినప్పుడు బాగా పనిచేస్తుంది, దానికి డాక్టరు చీటీ తప్పనిసరి. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో మెథోట్రెక్సేట్‌ను, ఇంజెక్షన్లను తాత్కాలికంగా ఆపమంటారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ సాధారణంగా ఆపరు. స్టెరాయిడ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ రోగి తనంతట ఆపకూడదు, ఒక్కోసారి దాన్ని పెంచాల్సి వస్తుంది కూడా.

మందుల షాపు దగ్గరి ప్రమాదాన్ని విడిగా చెప్పాలి. దగ్గని చెప్పగానే చేతిలో పెట్టే యాంటీబయాటిక్‌లలో సెప్ట్రాన్ పేరుతో తెలిసిన కోట్రైమోక్సజోల్ ఒకటి. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే అది ఎముక మూలుగను దెబ్బతీసి రక్తకణాలన్నిటినీ పడగొట్టగలదు. లూపస్ రోగుల్లో సల్ఫా మందులు జబ్బునే రేపవచ్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారికి అజిత్రోమైసిన్ ఇచ్చే ముందు గుండె లయ సంగతి చూడాలి. షాపతనికి మీరు చెప్పేది దగ్గు ఒక్కటే అయితే అతను ఇచ్చేదీ దగ్గుకే. మీ మందుల పేర్లు, మోతాదులు, జ్వరమొస్తే ఏది ఆపాలో ఏది ఆపకూడదో తెలుగులో రాసిన ఒక కాగితం, డాక్టరు సంతకంతో, పర్సులో ఉండాలి. ఫోను నంబరుతో సహా. ఇంగ్లీషు చదవలేని అత్తయ్యలకు, బాబాయిలకు ఇదే అసలైన కవచం.

డాలస్‌కో న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్ళే తల్లిదండ్రులకు ఒక మాట. ఇక్కడి ఎండల్లోంచి నేరుగా అక్కడి ఫ్లూ నడిమధ్యలో దిగుతారు. విమానానికి కనీసం రెండు వారాల ముందు టీకా వేయించుకోవాలి, మూడు నెలల మందులతో పాటు ఆ కాగితాన్ని ఇంగ్లీషులో కూడా తీసుకెళ్ళాలి.

ఇదంతా తెలిసినా చేయనివ్వనిది ఒకటుంది: ఖర్చు. మన సార్వత్రిక టీకా కార్యక్రమం పిల్లలకు, గర్భిణులకు ఉద్దేశించింది. పిల్లలకు న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. అదే క్రిమి వల్ల ప్రాణాపాయం ఉన్న లూపస్ రోగి మాత్రం జేబులోంచి కొనుక్కోవాలి. బ్రిటన్‌లో రక్షణ తగ్గించే మందులు వాడేవారికి ఫ్లూ టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. న్యుమోనియాతో ఐసీయూలో చేరాక ప్రభుత్వం పెట్టే ఖర్చుతో చాలామందికి ముందే టీకా వేయవచ్చు. హైదరాబాద్ నిమ్స్ వంటి ప్రభుత్వ ఆస్పత్రుల కీళ్ళవ్యాధుల విభాగాలకు ప్రతినెలా మందులకు వచ్చేవారి జాబితా వారి దగ్గరే ఉంటుంది. మెథోట్రెక్సేట్ చీటీ రాసే గది పక్కనే ఒక టీకాల ఫ్రిజ్, ఒక నర్సు, మే నెలలో తెరిచి డిసెంబరు దాకా నడిచే ఒక బల్ల ఉంటే చాలు. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు వచ్చే బడ్జెట్‌లోనే దీనికి డబ్బు కేటాయించాలని రోగుల తరఫున గట్టిగా అడగాలి.